పులియబెట్టే తోడు – ఉబ్బించే సోడా

రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో ఒక చెంచాడు మజ్జిగ వేసి మూతపెట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా జరుగుతున్న పని. ఆ చెంచాడు మజ్జిగను మనం ‘తోడు’ అంటాము. పాత తెలుగులో దీనికే ‘చేమిరి’ అని మరొక పేరు ఉన్నది. తోడు అంటే జత, సాయం, ఒంటరిగా ఉన్నవారి పక్కన నిలిచే మనిషి. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడు పెళ్ళికూతురు అన్నప్పుడు వినిపించే తోడూ, పాలలో పడే తోడూ ఒకే మాట. పాలు వాటంతట అవి పెరుగు కాలేవు. వదిలేస్తే విరిగిపోతాయి. వాటికి ఒక తోడు కావాలి. మన భాషను తీర్చినవారు ఈ సంగతిని గ్రహించే ఆ పేరు పెట్టారని నాకు అనిపిస్తుంది.

నా వైద్యశాలకు వచ్చే గృహిణులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. బేకరీ రొట్టెలో వేసే ఈస్టు, కేకులో వేసే బేకింగ్ పౌడరు, ఇడ్లీ పిండిలో కలిపే వంటసోడా, ఈ మూడూ ఒకటేనా? ఆయుర్వేదం వీటిని అంగీకరిస్తుందా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పవచ్చునని చాలాకాలం నేను కూడా అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల ఒక రోగి విషయంలో పొరపాటు చేశాను. ఆ సంగతి కూడా ఈ పాఠంలో చెబుతాను.

పిండి ఎందుకు పొంగుతుంది?

పిండి ఏదైనా సరే, దానిలో గాలి చేరితేనే పొంగుతుంది. ఆ గాలిని పట్టి ఉంచే శక్తి పిండికి ఉండాలి, గాలిని పుట్టించే ఉపాయం ఒకటి ఉండాలి. గోధుమలో ఉండే జిగురు, అంటే గ్లూటెన్, సన్నని పొరలుగా సాగి లోపలి గాలిని బుడగలుగా నిలుపుతుంది. బియ్యంలో ఆ జిగురు లేదు. అందువల్లనే ఇడ్లీకి మినప్పప్పు అవసరమైనది. మినుముల బంక చేసే పని, రొట్టెలో గోధుమ జిగురు చేసే పని ఒకటే. మినప్పప్పు తగ్గించి రవ్వ పెంచిన ఇల్లాలు ఎంత సోడా వేసినా ఇడ్లీ రాయిలాగే ఉండటానికి కారణం ఇదే.

గాలిని పుట్టించే ఉపాయాలు మూడు. మొదటిది ఆవిరి. పుల్కా, పూరీ పొంగేది లోపలి తడి ఆవిరి అయినందువల్లనే. వీటిలో పులియడమనే ప్రసక్తి లేదు. కేకులో కోడిగుడ్లను నురుగు వచ్చేటట్లు గిలకొట్టడం కూడా ఇటువంటి బాహ్యోపాయమే. రెండవది ప్రాణమున్న కిణ్వం, అనగా ఈస్టు, పెరుగులోనూ పులిసిన పిండిలోనూ ఉండే సూక్ష్మజీవులు. మూడవది సోడా, బేకింగ్ పౌడరు వంటి ప్రాణంలేని క్షారాలు. చివరి రెండింటి మధ్య తేడా తెలుసుకోవడమే ఈ పాఠంలో ముఖ్యాంశం.

ఈస్టు కంటికి కనిపించనంత చిన్న జీవి. దీని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే. ఇది పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, కొద్దిగా మద్యసారాన్ని విడుస్తుంది. వాయువు పిండిని ఉబ్బిస్తుంది, మద్యసారం పొయ్యిలో చాలావరకు ఆవిరైపోతుంది. కాబట్టి రొట్టె తింటే మత్తు కలుగుతుందేమోనన్న భయం అక్కరలేదు. ఇడ్లీ పిండిలో పనిచేసేవి ప్రధానంగా ల్యూకోనాస్టాక్ మొదలైన వేరే జాతి సూక్ష్మజీవులు. ఇవి మినుములతోనే వస్తాయి కాబట్టి మనం బయటినుండి ఏమీ వేయనక్కరలేదు. పాలు పులియడం సూక్ష్మజీవుల పని అని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్చర్ 1857లో ప్రకటించేవరకు పాశ్చాత్యులకు కూడా ఇదొక వింతగానే ఉండేది. పులిసిన రొట్టెను ప్రాచీన ఈజిప్టువారు ఎరుగుదురు. కారణం తెలియకపోయినా కార్యం తెలిసినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

గురుకులంలో నేను వండిన తోడు

మన శాస్త్రంలో ఈ విద్యకు ‘సంధాన కల్పన’ అని పేరు. ఆసవాలు, అరిష్టాలు, కాంజికం, శుక్తం అన్నీ దీని కిందికే వస్తాయి. చరకసంహిత సూత్రస్థానం ఇరవై ఐదవ అధ్యాయంలో 84 ఆసవాల గణన ఉన్నది. ఔషధాన్ని కషాయంగా కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం అని శార్ఙ్గధరుడు భేదం చెప్పాడు. కొలత ప్రత్యేకంగా చెప్పని చోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తుల బెల్లం, అందులో సగం తేనె, పదోవంతు ప్రక్షేప చూర్ణాలు వేయాలన్నది ఆయన ఇచ్చిన సామాన్య నియమం. వీటిని పులియజేసేందుకు ధాతకీ పుష్పాలు వేస్తారు. ఎండిన ఆ ఎర్రని పూలను అంటిపెట్టుకొని సహజమైన ఈస్టు ఉంటుందని ఇప్పటి పరిశోధకులు అంటారు. పూర్వం కాచిన సురలో అడుగున మిగిలిన మడ్డిని మరుసటి సారికి దాచి ఉంచేవారు. దానికే కిణ్వమని, సురాబీజమని పేర్లు. బేకరీవారు పాత ముద్దలో కొంత దాచి మరునాటి పిండిలో కలపడం, మనం మిగిలిన మజ్జిగను తోడుకు ఉంచడం, ఇవన్నీ ఒకే ఎరుక.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సంవత్సరం దశమూలారిష్టం సంధానం చేసే పని గురువుగారు నాకు అప్పగించారు. కుండకు లోపల నెయ్యి పూశాను, ధూపం వేశాను. కషాయం వడగట్టి బెల్లం కలిపాను. అప్పటికే పొద్దుపోయింది, మర్నాడు మా ఊరు వెళ్ళాలి. కషాయం పూర్తిగా చల్లారకముందే ధాతకీ పుష్పాలు వేసి, మూతపెట్టి, గుడ్డతో మట్టిపూత బిగించి, ధాన్యపు రాశిలో దింపి వెళ్ళిపోయాను. వారం తర్వాత తిరిగి వచ్చి కుండకు చెవి ఆనించాను. సంధానం సరిగా సాగుతుంటే లోపలినుండి సన్నగా బుసబుసమనే చప్పుడు వినబడాలి. నాకేమీ వినబడలేదు. మూత తీసి వెలిగించిన వత్తిని కుండమూతి వద్ద పెడితే దీపం నిలకడగా వెలిగింది. పులుస్తున్న కుండమూతిలో దీపం ఆరిపోవాలి. రొట్టెను పొంగించే వాయువే అక్కడ దీపాన్ని ఆర్పుతుంది. నా కుండలో ఆ వాయువు లేదు.

గురువుగారు కోపగించలేదు. కుండలోకి ఒకసారి చూసి, “నాయనా, నువ్వు తోడు పెట్టలేదు, తోడును వండావు” అన్నారు.

ఈ ఒక్క వాక్యంలో ఉన్న విజ్ఞానం వంటింటికి అక్షరాలా వర్తిస్తుంది. ఈస్టుకు 27 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి హితవుగా ఉంటుంది. 60 డిగ్రీలకు వచ్చేసరికి అది చనిపోతుంది. పొగలు కక్కే పాలలో వేసిన తోడు, మరిగే నీళ్ళలో కలిపిన ఈస్టు, వేడి కషాయంలో నేను వేసిన ధాతకి, మూడింటి గతీ ఒకటే. చిటికెనవేలు హాయిగా ఉంచగలిగిన వేడి చాలు.

ఒక మాటకు రెండు ముఖాలు

కిణ్వ శబ్దానికి సంస్కృత నిఘంటువులలో రెండు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి పులియజేసే పదార్థం. రెండవది పాపం! ఈ రెండూ ఒకే మాటలో ఎందుకు చేరాయో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొద్దిగా పడి, కనబడకుండా వ్యాపించి, మొత్తాన్ని తనవంటిదానిగా చేసుకోవడం పాపానికీ ఉన్నది, కిణ్వానికీ ఉన్నది.

యూదుల ధర్మంలో కూడా ఇటువంటి భావమే కనిపిస్తుంది. పస్కా పండుగ రోజులలో వారు ఇంట్లో పులిసిన పదార్థం రవ్వంత కూడా లేకుండా వెతికి తీసివేస్తారు. ఆ పండుగకు చేసే పొంగని రొట్టె కోసం పిండిలో నీళ్ళు పోసిన 18 నిమిషాలలోపు కాల్చడం పూర్తి కావాలన్నది వారి నియమం. అంతకు మించితే పులియడం ఆరంభమైనట్లు లెక్క. క్రైస్తవ సోదరులకు తెలుగు బైబిలులోని ‘పులిసిన పిండి’ అనే మాట సుపరిచితం. పరిసయ్యుల పులిసిన పిండిని గూర్చి జాగ్రత్తపడమని యేసు హెచ్చరించిన చోట అది చెడుకు గుర్తు. స్త్రీ పిండిలో దాచిన పులిపదార్థంతో పరలోక రాజ్యాన్ని పోల్చిన చోట అదే మంచికి గుర్తు. ఒకే బోధకుడు ఒకే వస్తువును రెండు విధాలుగా వాడటంలో వైరుధ్యమేమీ లేదు. వైద్యుడి చేతిలో వత్సనాభి విషమూ అవుతుంది, ఔషధమూ అవుతుంది.

మన దర్శనాలలో లోకాయతులు కిణ్వాన్ని మరొక విధంగా వాడుకున్నారు. విడివిడిగా ఉన్నప్పుడు మత్తులేని ద్రవ్యాలు కిణ్వంతో కలిసినప్పుడు మత్తు పుట్టినట్లుగా, జడమైన భూతాలు కలిసి దేహమైనప్పుడు చైతన్యం దానంతటదే పుడుతుందని వారి వాదం. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ వాదాన్ని ప్రస్తావించి ఖండించారు. ఆ చర్చ పండితులకు వదిలివేద్దాము. కల్లుకుండను చూసి ఆత్మ ఉన్నదా లేదా అని తర్కించుకున్న దేశం మనది అని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఇక తెలుగు. ప్రాణమున్న కిణ్వానికి తోడు అని పేరు పెట్టిన భాష, సోడా చేసే పనికి ‘ఉబ్బు’ అనే మాట వాడుతుంది. లేని గొప్ప చెప్పి మెచ్చుకోవడాన్ని ఉబ్బవేయడం అంటాము. పొగడ్తకు ఉబ్బిపోయాడంటాము. అజీర్ణం చేస్తే కడుపు ఉబ్బరం. నీరు చేరితే కాళ్ళు ఉబ్బు. ఈ మాటకు మన భాషలో మంచి అర్థం చాలా అరుదు. తోడు వేసిన పాలు రాత్రంతా మారి మారి వేరొక పదార్థం అవుతాయి. సోడా వేసిన పిండి మారదు, ఉబ్బుతుంది అంతే.

సోడా ఉప్పు – పేరులోనే ఉన్న ఉప్పు

వంటసోడా రసాయన నామం సోడియం బైకార్బొనేటు. పుల్లని పదార్థం తగిలినా, వేడి తగిలినా ఇది బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. సోడాతో పాటు పొడిరూపంలో ఉన్న ఒక పులుపునూ, తడి చేరకుండా కొంత పిండినీ కలిపితే అది బేకింగ్ పౌడరు. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వర్తకుడు, ఈస్టు పడని తన భార్య కోసం 1843లో దీనిని తయారుచేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కేకు చేసేటప్పుడు ఎప్పుడో ఒకసారి వాడే బేకింగ్ పౌడరు గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు రోజూ వాడే చిటికెడు గురించి. ఇడ్లీ పిండి పులియలేదని చిటికెడు, శనగలు త్వరగా ఉడకాలని చిటికెడు, మైసూరు బజ్జీ గుల్లగా రావాలని చిటికెడు, తిన్నది అరగలేదని నీళ్ళలో అర చెంచా. పప్పులో సోడా వేస్తే అందులోని ‘బి1’ విటమిను నశిస్తుంది. అంతకన్న ముఖ్యమైనది సోడియం. ఒక టీ చెంచా వంటసోడాలో సుమారు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఇది మూడు గ్రాములకు పైగా ఉప్పు తిన్నదానితో సమానం. పెద్దవారు రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన పల్లెల్లో దీనిని ‘సోడా ఉప్పు’ అనే పిలుస్తారు. పేరులోనే ఉప్పు ఉన్నప్పటికీ ఉప్పు మానేశామని చెప్పేవారెవరూ దీనిని లెక్కలో చేర్చరు, ఎందుకంటే నాలుకకు ఉప్పగా తగలదు.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చాలాకాలంగా నా వద్దకు వచ్చేవారు. మొదట వచ్చింది భోజనానంతరం కడుపు ఉబ్బరమని. సర్జికాక్షారం కలిసిన ఒక చూర్ణం పదిహేను రోజులకు ఇచ్చాను, గుణం కనిపించింది. మందు అయిపోయాక ఆయన దారిలో కనబడి, “డాక్టరుగారూ, సర్జికాక్షారమంటే మన సోడా ఉప్పేనా?” అని అడిగారు. ఏదో తొందరలో ఉండి “ఆ జాతిదే లెండి” అన్నాను. ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు మానాలో చెప్పలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. ఆయనకు రక్తపోటు వచ్చింది. ఆసుపత్రి వైద్యులు మాత్రలు ఇచ్చారు, పెంచారు కూడా. అయినా పై అంకె 160 నుండి దిగేది కాదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. పథ్యం కోసం నన్ను అడిగారు. ఉప్పు తగ్గించమన్నాను. నెల తర్వాత చూసినా అంతే. అప్పుడు నేను వారి ఇంట్లో, కొడుకూ కోడలూ వింటూ ఉండగా, ఆయన భార్యతో “అమ్మా, మీ చేతి ఉప్పు తగ్గడం లేదు” అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు. లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ నెల గడిచినా మార్పు లేదు, నా అభిప్రాయమూ మారలేదు.

మూడవసారి ఆమె ఒక్కతే వైద్యశాలకు వచ్చింది. పాత క్యాలెండరు కాగితం వెనుక వైపు, ఆ వారం రోజులూ ఆయన తిన్న ప్రతి పదార్థం, అందులో పడిన ప్రతి దినుసు రాసి తెచ్చింది. “ఆయన కంచంలో ఉప్పు పడి రెండు నెలలయిందండీ. ఆయనకు లేనిది నాకెందుకని నేనూ మానేశాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో మీరే చూసి చెప్పండి” అన్నది.

కాగితంలో ఉప్పు లేదు. సోమ, బుధ, శుక్రవారాలు ఇడ్లీ, సోడా చిటికెడు. కంది పప్పులో రోజూ చిటికెడు. సాయంత్రం టీతో బేకరీ రస్కులు నాలుగు. ప్రతి రాత్రి భోజనం తర్వాత సోడా ఉప్పు అర చెంచా, నీళ్ళలో. ఆ చివరి వరుస పక్కన ఆమె “మీరు చెప్పిన మందు” అని రాసింది.

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడరాని ద్రవ్యాలు మూడు చెప్పబడ్డాయి. పిప్పలి, క్షారం, లవణం. క్షారాన్ని అతిగా తినే ప్రాంతాలవారికి కన్నులకు, జుట్టుకు, పుంస్త్వానికి, హృదయానికి చేటు కలుగుతుందని అక్కడే ఉన్నది. లవణాన్ని పాలతో కూడా కలిపి తినే దేశాల ప్రస్తావన కూడా ఉన్నది. ఆ అధ్యాయాన్ని నేను గురుకులంలో కంఠస్థం చేసినవాడిని. సోడా ఆ మూడింటిలో రెండు, క్షారమూ అదే, లవణమూ అదే. శ్లోకం నోటికి వచ్చింది, వీధిలో ఒక మనిషి ప్రశ్న అడిగినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

మర్నాడు వారి ఇంటికి వెళ్ళి, ముందు ఎవరి ఎదుట ఆ మాట అన్నానో వారందరి ఎదుటనే ఆమెను క్షమాపణ కోరాను. సోడా పూర్తిగా మాన్పించాను, రస్కులు ఆపించాను. ఉబ్బరానికి భోజనానంతరం వేయించిన వాము, జీలకర్ర నమలమన్నాను. ఆసుపత్రి మాత్రలు మాత్రం ఒక్కటి కూడా మానవద్దని గట్టిగా చెప్పాను. పాదాల ఉబ్బు కొద్దిరోజులకే తగ్గింది. ఆరు వారాలకు పై అంకె 140 ప్రాంతానికి వచ్చింది. మాత్రల మోతాదు సంగతి ఆ వైద్యులే చూసుకున్నారు.

సోడా నీళ్ళతో ఉపశమనం వెతుక్కునేవారికి ఒక హెచ్చరిక. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుడు చెప్పకుండా దీనిని తాగరాదు. ఛాతీలో మంట రెండు వారాలకు మించితే పరీక్ష అవసరం. ఛాతీ బరువుతోపాటు చెమటలు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాసు అనుకొని సోడా కలుపుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

పులిసినది తినవచ్చునా?

ఇడ్లీ, దోసె తామసాహారమని, రోగాలకు మూలమని ఈమధ్య కొందరు ఉపన్యాసాలు ఇస్తున్నారు. గీతలో నిందించిన పర్యుషితం, అంటే నిలవ ఉండి చెడిన అన్నం వేరు, పద్ధతి ప్రకారం పులిసి అదేరోజు వండినది వేరు. మనుస్మృతి కూడా పులిసిన పదార్థాలను నిషేధిస్తూనే పెరుగుకు మినహాయింపు ఇచ్చింది. పులియడం వల్ల ధాన్యాలలోని ఫైటేటు అనే పదార్థం తగ్గి, ఇనుము, జింకు ఒంటికి పట్టడం సులభమవుతుందని ఆధునికులు చెబుతున్నారు. కాబట్టి ఆరోగ్యవంతులకు అభ్యంతరం లేదు. అమ్లపిత్తం ఉన్నవారు, నోటిపూత, చర్మంపై దద్దుర్లు తరచుగా వచ్చేవారు మాత్రం బాగా పులిసినవాటిని తగ్గించాలి. పెరుగు విషయంలో సరిగా తోడుకోని అరకొర పెరుగును ‘మందకం’ అంటారు. అది త్రిదోషాలనూ ప్రకోపింపజేస్తుంది. గట్టిగా తోడుకున్నదే తినాలి, రాత్రిపూట మానాలి, వేడిచేయరాదు.

బేకరీ రొట్టె గురించి అడిగేవారు చాలామంది. మైదాతో చేసినదాన్ని నిత్యాహారం చేసుకోవద్దు. తప్పు ఈస్టుది కాదు, మైదాది, ఉప్పుది, చక్కెరది. పిండి బాగా పొంగేందుకు కలిపే పొటాషియం బ్రోమేటు అనే రసాయనాన్ని మన ఆహార భద్రతా సంస్థ 2016లో నిషేధించింది. పొట్లంపై దినుసుల జాబితా చదివే అలవాటు చేసుకోండి. మన హైదరాబాదులో రొట్టెను డబల్ రొట్టె అనేవారు, ఉబ్బి రెట్టింపవుతుంది గనుక ఆ పేరని చెబుతారు. డబల్ కా మీఠా పేరులో అది ఇంకా మిగిలి ఉన్నది. పెళ్ళిలో ఒక ముక్క తింటే ముప్పు లేదు. గోధుమ అసలే పడని ఉదరరోగం ఉన్నవారికి మాత్రం ఎంత పులియబెట్టినా గోధుమ రొట్టె పనికిరాదు.

ఇంట్లో చేయదలచినవారు 300 గ్రాముల గోధుమపిండికి ఒక టీ చెంచా పొడి ఈస్టు తీసుకోండి. ముందుగా గోరువెచ్చని నీటిలో కొద్దిగా చక్కెరతో కలిపి పది నిమిషాలు ఉంచండి. నురుగు వస్తే ఈస్టు బ్రతికి ఉన్నట్లు, రాకపోతే పారబోయండి. పిండిని పది నిమిషాలు బాగా మర్దించి, తడిగుడ్డ కప్పి రెట్టింపు అయ్యేవరకు ఉంచి, అణచి, మళ్ళీ పొంగనిచ్చి కాల్చాలి. చలికాలం ఆలస్యమవుతుంది, తొందరపడవద్దు.

సోడా లేని ఇడ్లీ కోసం

ఆ ఇల్లాలు సోడా మానేసిన తర్వాత మొదటి వారం ఇడ్లీలు గట్టిగా వచ్చాయట. ఆమె చేసి చూసి కుదుర్చుకున్న పద్ధతినే ఇక్కడ ఇస్తున్నాను. ఒక పాలు పొట్టు తీసిన మినప్పప్పుకు రెండు పాళ్ళు ఇడ్లీ రవ్వ. పప్పును ఒక చెంచా మెంతులతో కలిపి నాలుగైదు గంటలు నానబెట్టాలి. చల్లని నీరు కొద్దికొద్దిగా చల్లుతూ, చిటికెడు పిండి నీటిలో వేస్తే తేలేటంత గుల్లగా రుబ్బాలి. గ్రైండరు వేడెక్కితే ఆపి మళ్ళీ తిప్పాలి. కడిగి పిండిన రవ్వ కలిపి చేతితో రెండు నిమిషాలు కలియబెట్టాలి. ఎండాకాలం ఆరు నుండి ఎనిమిది గంటలు చాలు. చలికాలం పన్నెండు గంటలు, అవసరమైతే ఇంకొంచెం. చలి ఎక్కువగా ఉంటే గిన్నెకు దుప్పటి చుట్టి వంటింటి వెచ్చని మూల ఉంచవచ్చును, లేదా ముందటి పిండి ఒక చెంచా తోడుగా కలపవచ్చును. పొంగిన పిండిని మళ్ళీ గట్టిగా కలపరాదు, లోపలి గాలి పోతుంది. రెఫ్రిజిరేటరులో ఉంచి రెండు రోజులలో ముగించాలి. పైన రంగు బూజు కనిపిస్తే ఆ మేరకు తీసివేసి వాడటం కాదు, మొత్తం పారవేయాలి.

కిందటి సంక్రాంతికి వారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె నాకు ఇడ్లీ పెట్టింది. తింటూ వంటింటి అలమర వైపు చూశాను, సోడా డబ్బా కనిపించలేదు. అడిగితే పెరట్లో కుళాయి గట్టు చూపించింది. ఇత్తడి బిందెలు తోమడానికి చింతపండుతో కలిపి వాడుతున్నదట.